నీలి వెలుగులో మెరిసిన పాలు

మా పెద్ద బర్రె ఈసుకపోయిన రోజు నేను ఇంట్లో లేను. నెలలు నిండకముందే దూడ చచ్చి పడిపోతే మా దిక్కు ఈసుకపోయింది అంటాం. నేను ఊరవతల పసుపు ఉడకబెట్టే కాడికి కూలికి పోయాను. ఉడికిన పసుపు వాసన ఒంటికి పట్టిందంటే స్నానం చేసినా పోదు. సాయంత్రం ఆ వాసనతోనే వచ్చి వాకిట్లో కాలు పెట్టేసరికి నా బిడ్డ నల్లా దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా నెత్తురు. ఏడో నెల కడుపు మోకాళ్లకు ఆనుతోంది.

"ఏమైందే!" అని కేక పెట్టాను.

"నాకేం కాలేదమ్మా. బర్రె ఈసుకపోయింది. దూడెనుక పడే మాయ పడుతలేదు. బాపమ్మ చెప్తాంటే నేనే మెల్లగ గుంజిన."

మా అత్తకు చూపు ఆనదు. అరుగు మీద కూర్చునే మాట సాయం చేసింది. నా మనిషి దాణా తేవడానికి కోరుట్ల పోయాడు. ఆయన ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. మోకాళ్లు మొరాయించాక మోకు, ముత్తాదు అటక మీద పెట్టి రెండు బర్రెలు పట్టుకొచ్చాడు. ఇల్లు గడిచేది వాటి మీదే. అందుకని ఆ ఏడుపంతా దూడ గురించే ఏడ్చాం. పెయ్యదూడ అది. బిడ్డ చేతుల గురించి ఎవరం ఒక్క మాట అనుకోలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు మాయ తీయడమేమైనా కొత్తా? నేను తీశాను, మా అమ్మ తీసింది. తీశాక బూడిదతో చేతులు రుద్దుకుని అన్నం కలుపుకున్నవాళ్లమే.

నా బిడ్డను సిరిసిల్ల ఇచ్చాం. అల్లుడు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. తొలి కాన్పు కదా అని పిల్లను మా ఇంటికి తెచ్చుకున్నాం. తెచ్చుకున్న వారానికే ఈ బర్రె సంగతి.

కొన్ని వారాలు గడిచాయి. మా వాడలో ఇంకో ఇంటి బర్రె కూడా ఈసుకపోయిందని తెలిసి, కోరుట్ల వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పశువుల చదువు చదివిన పిల్ల, నా బిడ్డ కన్నా ఒకటి రెండేళ్లు పెద్దదేమో. పట్నంలో పుట్టి పెరిగిందట. స్కూటీ మీద వెనక ఒక డబ్బా కట్టుకుని వచ్చింది. టిఫిన్ డబ్బా కన్నా కొంచెం పెద్దది. ఆ డబ్బాతో చేసే పరీక్ష ఇంకా కొత్తదని, ఊళ్లల్లో ఎట్లా పని చేస్తుందో చూడడానికే తిరుగుతున్నానని ముందే చెప్పింది.

బర్రెను చూసింది, పొదుగు చూసింది. తర్వాత అడిగింది: "మాయ ఎవరు తీసిండ్రమ్మా?"

నేను గుమ్మంలో నిలబడ్డ బిడ్డ దిక్కు చూశాను. డాక్టరమ్మ కూడా చూసింది. చూసి, చూపు కిందికి, కడుపు మీదికి దింపింది. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం నుంచి నాకు నిలకడ పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు.

"ఈ రోగం పశువు నుంచి మనిషికి ఎక్కుతది అమ్మా," అంది మెల్లగా. "మాయ నుంచి, పచ్చిపాల నుంచి. అందరికీ ఎక్కుతదని కాదు. కానీ కడుపుతోని ఉన్నోళ్లు జర పైలం ఉండాలె. అక్కకు జ్వరం గిట్ల అస్తుందా?"

"పొద్దుగూకంగ ఒళ్లు ఎచ్చగైతది," అంది నా బిడ్డ. "నడుము నొస్తది. నెలలు నిండుతున్నయ్ గదా అనుకున్న."

నాకు చెప్పలేదు. నాకు చెప్తే భయపడతానని చెప్పలేదట.

ముందు బర్రెకు ఆ రోగం ఉందా లేదా తేలితే, తర్వాత మనిషి సంగతి చూడొచ్చని డాక్టరమ్మ అంది. డబ్బా తెరిచింది. లోపల చిటికెన వేలంత గొట్టాలు, ఒక పక్క వెచ్చబెట్టే పళ్లెం, ఇంకో పక్క నీలి రంగు దీపం. నా మనిషి మీసం దువ్వుకుంటూ వంగి చూశాడు.

"గిదేం పరీక్ష బిడ్డా?"

"జీన్లను కత్తిరించే కత్తెర ఉంటది బాపు. పంటలను, జీవాలను మార్చెటందుకు వాడుతరు..."

"మా బర్రెను మారుస్తవా ఏంది? మారుస్తే జర తన్నకుంట మార్చు తల్లీ, దానికి ఎనుక కాలు ఊకె లేస్తది."

పిల్ల నవ్వింది. నవ్వి, మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. బర్రెను ముట్టనే ముట్టదట. ప్రతి పురుగుకూ దాని గుర్తు దానికి ఉంటుందట, మన నుదుటి రాత లాగా. ఈ కత్తెరకు ఒక్క ఈ రోగం పురుగు గుర్తునే నేర్పి పంపిస్తారు. పాలలో ఆ గుర్తు దొరికితే కత్తెరకు పిచ్చి లేచినట్టవుతుంది. దాన్ని కత్తిరించి ఊరుకోదు, చుట్టుపక్కల ఉన్న పోగులన్నీ తెంపేస్తుంది. ఆ పోగులను డాక్టర్లే వేసి పెడతారు. పోగు పోగుకూ మూసి పెట్టిన దీపం కట్టినట్టు ఉంటుంది. పోగు తెగితే మూత పోయి, నీలి వెలుగు కింద గొట్టం పచ్చగా మెరుస్తుంది. రోగం లేకుంటే గొట్టం చీకటిగానే ఉంటుంది.

"మా సిరిసిల్లల పోగు తెగితే సాంచ బందైతది," అంది నా బిడ్డ. "గీడ పోగు తెగితే దీపం ముడుతదా!"

అంత భయంలోనూ ఆ మాట అనగలిగింది. అది దాని గుణం.

నేను పాలు పిండాను. మా అత్త చేతికిస్తే, ఆమె గ్లాసులోకి వంపి గడప దగ్గర డాక్టరమ్మకు అందించింది. పిల్ల ఒక చుక్క తీసి ఏవేవో కలిపి, వెచ్చబెట్టి, కొట్టంలో చీకటి మూల కూర్చుని నీలి దీపం వేసింది. పక్కనే ఉత్త నీళ్లతో ఇంకో గొట్టం పెట్టింది, సరి చూసుకోవడానికట. కాషాయ రంగు అద్దాలు పెట్టుకుని చూసి, నాకూ ఇచ్చింది.

నీళ్ల గొట్టం నల్లగా ఉంది. మా బర్రె పాలు మెరుస్తున్నాయి. మిణుగురు పురుగు తోక లాగా.

ఏడవలేదు నేను. కొట్టంలోంచి బయటికొచ్చి, ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చాను.

వార్త వాడలో పాకడానికి ఎంతసేపు? బర్రెలున్న వాళ్లంతా గ్లాసులు పట్టుకుని వచ్చారు. "మా పాలు సుత చూడు బిడ్డా", "మా పిల్లలు పచ్చిపాలు తాగిండ్రు బిడ్డా". పిల్ల ఎవరినీ కాదనలేదు. వరసగా అందరి పాలు చూసింది. అన్నీ మెరిశాయి. మా పక్కింటివి, ఎదురింటివి, మొన్ననే అంగడి నుంచి తెచ్చిన బర్రెవి, అన్నీ.

మా వాకిట్లో ఆడవాళ్లు అట్లాగే కూలబడ్డారు. పక్కింటావిడ, నాతో పసుపు చేనుకు వచ్చే మనిషి, నా చెయ్యి పట్టుకుంది. "నీకు నేనున్న, నాకు నువ్వున్నవ్. అందరికి ఏదైతే మనకు గదే," అంది. నిజం చెప్తున్నాను, ఆ మాటకు కొంచెం ధైర్యం వచ్చింది. ఊరంతా ఒక పడవలో ఉంటే మునిగేటప్పుడు కూడా మాట్లాడుకోవచ్చు.

డాక్టరమ్మ మాత్రం గొట్టాలను పట్టుకుని ముఖం ముడుచుకుంది. "ఇన్ని ఒక్కతీరుగ మెరవయ్ అమ్మా. ఎక్కడనో తేడా ఉన్నది. నేను రేపు పొద్దున మళ్లస్త. అప్పటిదాంక పాలు మరగబెట్టకుంట ఎవరూ తాగకుండ్రి. ఎవరూ ఆగం కాకుండ్రి," అని చెప్పి వెళ్లిపోయింది.

ఆగం కావొద్దని చెప్పడం సులువే. సిరిసిల్లకు ఎవరు చేరవేశారో, వియ్యపురాలు ఫోన్ చేసింది.

"వదినె, ఏం వింటున్న నేను? మా కోడలితోని బర్రె మాయ తీయించిండ్రట?"

"తీయించలేదు వదినె. ఇంట్ల ఎవ్వరు లేకపాయె."

"ఎవ్వరు లేనప్పుడు పిల్లను ఎందుకు తీస్కపోయినట్టు? రేపే తోలుండ్రి. కాన్పు మేమే జేసుకుంటం."

నేనేదో అనేలోపు బిడ్డ ఫోన్ గుంజుకుంది. "అత్తా, నన్ను ఎవ్వరు చెయ్యమనలే. అది నొప్పులు పడుతాంటే చూసుకుంట కూసుంటవా నువ్వైతే? పెట్టేయ్, మళ్ల మాట్లాడుత." పెట్టేసి, గోడకు ఆనుకుని కూర్చుంది. కడుపు మీద అరచెయ్యి వేసుకుంది. నేను వెళ్లి దాని నుదురు ముట్టుకున్నాను. వేడిగా ఉందో, నా చెయ్యే చల్లగా ఉందో తెలియలేదు. ఇంకోసారి ముట్టుకున్నాను. "ఎన్నిసార్లు ముడుతవే?" అని విసుక్కుంది.

పొద్దున్నే డాక్టరమ్మ వచ్చింది. వాడంతా మా వాకిట్లోనే ఉంది. ఈసారి పిల్ల గొట్టాలు తెరవలేదు. అరుగు మీద కూర్చుని, "నిన్న ఎట్ల తెచ్చిండ్రో గట్లనే తెండ్రి, నేను చూస్త," అంది. నేను పాలు పిండి అత్తకిచ్చాను. అత్త గ్లాసులోకి వంపింది. గడప పక్కన గూట్లో చిన్న డబ్బీ ఉంటుంది. అందులోకి వేలు పోయింది, గోటి అంచు పాలకు తగిలింది, గ్లాసు చాచింది. అంతా తడుముకోకుండానే, చూపు లేకపోయినా.

"అవ్వా!" అని డాక్టరమ్మ నిలబడింది. "ఏం ఏసినవ్ అండ్ల?"

"ఏమెయ్యలే."

"ఇప్పుడే ఏసినవ్ గదా!"

"పసుపు బిడ్డా. పాలు గడప దాటి ఒకరి చేతుల పడేటప్పుడు పసుపు ముట్టియ్యకుంటే పొదుగుకు దిష్టి తాకదా? నీకు మీ అమ్మ చెప్పలేదా?"

"మాయి ప్యాకెట్ పాలు అవ్వా..."

మాకు అది వేయడం కింద లెక్కే కాదు. పాలకేంద్రంలో డబ్బాలోకి పోసేవాటికి వేయం. మనిషి చేతికిస్తే మాత్రం వేస్తాం. ఆ గోరంత పసుపు పాలలో కంటికి కూడా ఆనదు. ఏమైనా కలిపారా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్తాం. ఇవాళ కూడా కళ్లారా చూడకుండా అడిగి ఉంటే అదే చెప్పేవాళ్లం. డాక్టరమ్మ ఎదురుగా ఉన్న ఒక్కొక్కరినీ అడిగింది. పక్కింటావిడ వేసింది. ఎదురింటావిడ వేసింది. అంగడి బర్రె ఆసామి, "మా ఇంటిది ఏసిందో ఏమో, నేనైతే గ్లాసు పట్టుకచ్చిన," అన్నాడు. "ఏసిన," అని వెనక నుంచి ఆయన భార్య అరిచింది.

డాక్టరమ్మ అత్త చేతిలోంచి ఆ డబ్బీ తీసుకుంది. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి, కొట్టంలోకి పోయి నీలి దీపం వేసింది. కత్తెర లేదు, మందు లేదు, ఉత్త పసుపు. మెరిసింది. నిన్నటి పాల కన్నా ఎక్కువ మెరిసింది. ఆ దీపం కింద పసుపుకు సొంతంగానే వెలుగు ఉంటుందట.

వాడంతా ఒక్కసారి నవ్వింది. భయం వదిలాక వచ్చే నవ్వు వేరు, దానికి పట్టుపగ్గాలు ఉండవు. నా మనిషి మోకాళ్లు పట్టుకుని మరీ నవ్వాడు. "డాక్టరమ్మా, నీ కత్తెర గింత బుద్ధిమంతురాలంటివి, మా అమ్మ ఏలు ముంగట ఓడిపాయె!"

మా అత్తకు మాత్రం గర్వమొచ్చింది. "నా పసుపు మెరువకుంటదా? చేన్ల ఉడికి, ఎండి, నా రోట్లె దంచిన పసుపు. దుకాణం పసుపు గిట్ల మెరుస్తదేమో అడుగుండ్రి."

డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే తల పట్టుకుని, "ఇది నాకు ఎవ్వరూ చెప్పలేదు అవ్వా, ఏ పుస్తకంల లేదు," అంది. కానీ నేను నవ్వలేకపోయాను. మెరుపు పసుపుది అని తేలింది, సరే. మరి బర్రె సంగతి? నిన్న ఉందనుకున్నాం, ఇవాళ ఏమీ తెలియదు. ఉందని తెలియడం కన్నా ఏమీ తెలియకపోవడం నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

పిల్ల చేతులకు తొడుగులు వేసుకుని తానే పొదుగుల దగ్గర కూర్చుంది. ప్రతి బర్రె కిందా నేరుగా తన గొట్టంలోకే పిండుకుంది. మా బర్రె ఒకసారి కాలెత్తింది. నా మనిషి దాని మెడ నిమురుతూ, "ఆగు బిడ్డా, ఆగు," అంటూ నిలబడ్డాడు. తర్వాత అందరం కొట్టం ముందు నిలబడ్డాం. పాలు వెచ్చబడే దాకా ఎవరూ కదల్లేదు. నేను మాత్రం నిలబడలేక నల్లా దాకా పోయి వచ్చాను, మళ్లీ పోయి వచ్చాను.

లోపలి నుంచి ఒక్కో పేరు చెప్పి పిలిచింది. పక్కింటివి చీకటిగానే ఉన్నాయి. ఎదురింటివి చీకటే. అంగడి బర్రెవి చీకటే. ఇంకో ఈసుకపోయిన బర్రెవి కూడా చీకటే. దానికి వేరే కారణం వెతకాలంది.

మావి మెరిశాయి.

"పసుపు పడలేదు గదా బిడ్డా? మల్ల చూడు," అంది మా అత్త. గొంతులో గర్వం పోయింది.

"పడలేదు అవ్వా. నేనే పిండిన గదా." ఆ పిల్ల మా రెండో బర్రె పాల గొట్టం కూడా చూపించింది. అదే కొట్టం, అదే చెయ్యి, అది చీకటిగా ఉంది. ఇంకొకసారి చేసింది. అట్లాగే వచ్చింది. రక్తం కూడా తీసుకుని పెద్ద ల్యాబుకు పంపి గట్టి చేసుకుంటానంది. కానీ ఆమె ముఖంలో నిన్నటి ముడత లేదు. ఈసారి తేడా ఎక్కడా లేదన్నమాట.

వెనక్కి తిరిగి చూస్తే వాకిలి సగం ఖాళీ. చెడ్డవాళ్లు కాదు వాళ్లు. ఇళ్లల్లో పసిపిల్లలు ఉన్నవాళ్లు. నిన్న చెయ్యి పట్టుకున్న మా పక్కింటావిడ కొంగు సర్దుకుంటూ నిలబడింది. పోలేక, ఉండలేక. "పొయ్యి మీద అన్నం పెట్టచ్చిన," అని చెప్పి, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. "జగిత్యాల దవాఖానకు పోవుడైతే చెప్పు, నేనస్త తోడు," అంది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా.

బర్రెను అమ్మొద్దని, వేరే కట్టేయాలని, పాలు మరగకుండా ముట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. మనుషుల పరీక్షకు ఈ డబ్బా పనికిరాదని, దవాఖానలో రక్తం ఇవ్వాలని చెప్పింది. నా బిడ్డ అడగనే అడిగింది: "నాదొక్క చుక్క అండ్ల ఏసి చూస్తే ఏంబోయె డాక్టరమ్మా? ఇప్పుడే తెలిసిపోతుండె."

"తప్పు చెప్తే నిన్న పసుపు లెక్కనే ఐతది అక్కా. పశువు సంగతి వేరు, నువ్వు వేరు. రేపే పో. మాయ తీసిన సంగతి దాయకుంట చెప్పు, గదే పెద్ద ముచ్చట."

జగిత్యాల దవాఖానలో ఆ మాట చెప్పగానే డాక్టరు కలం ఆపి తలెత్తింది. సాయంత్రం జ్వరం, నడుము నొప్పి అని మాత్రమే చెప్పి ఉంటే కాన్పు ముందరి నొప్పులని రాసి పంపించేదేమో. మాయ మాట విన్నాక వేరే రక్తపరీక్ష రాసింది. అల్లుడు సిరిసిల్ల నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. సాంచాల దగ్గరి దూది పీచు ఇంకా జుట్టులోనే ఉంది. వరండాలో అందరూ తిరిగి చూసేటట్టు, "ఏమన్నరు అత్తా?" అని అరిచాడు. "మెల్లగ మాట్లాడు," అంది నా బిడ్డ. ఆయన మెల్లగా మాట్లాడడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. "భయమైతుందా?" అని అడిగాడు దాన్ని. అది ఔనని తలూపింది. నాతో ఒక్కసారి కూడా ఔననలేదు.

రక్తంలో రోగం ఉందని తేలింది. డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, కడుపులో పిల్లకు చెరుపు చేయని మందులే ఇస్తానని, పూట తప్పకుండా వేసుకోవాలని, ఇంకా ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని చెప్పింది. ఇప్పుడు మాత్రం ఖాయంగా చెప్పగలరా అంటే, చూద్దామంది. ఆ చూద్దాం అన్న మాటతోనే మేము మిగిలిన రోజులు బతికాం. వియ్యపురాలు వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. తీసుకుపోతానని వచ్చిన మనిషి, మాత్ర నోట్లో వేసే పని తన మీద వేసుకుంది. నేను బిడ్డ నుదురు ముట్టుకోబోతే, "ఇప్పుడే ముట్టిన వదినె, సల్లగనే ఉన్నది," అనేది. అయినా నేను ముట్టుకునేదాన్ని. నిద్ర లేదు. ఎక్కడ కూర్చున్నా చెవి బిడ్డ మూలుగు మీదే ఉండేది.

కొద్దిగా ముందుగానే నొప్పులొచ్చాయి. జగిత్యాలలోనే కాన్పయింది. ఆడపిల్ల. ఏడ్చింది. నాకు ముందు ఆ ఏడుపే కావాలి, ముఖం తర్వాత చూశాను. పసిదాని రక్తం కూడా తీసుకుపోయారు. ఆ కాగితం వచ్చేదాకా వరండాలో ఇటు నుంచి అటు నడిచాను. అల్లుడు నాతో పాటే నడిచాడు. నర్సు వచ్చి, పిల్లకు ఏం లేదు, తల్లికి కూడా తగ్గుముఖం పట్టింది, మందులు పూర్తి చేస్తే చాలు అంది. "మల్లొక్కసారి చెప్పమ్మా," అని అడిగాను. విసుక్కోకుండా చెప్పింది.

వియ్యపురాలు నన్ను బలవంతంగా ఇంటికి పంపించింది. బర్రెల దగ్గర మా ఆయన ఒక్కడే ఉన్నాడని, స్నానం చేసి రమ్మని. జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరుకు మా ఊరి పేరు, మేడిపల్లి అని చెప్పిన మాట గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

ఎవరో భుజం తట్టి లేపారు. బస్సంతా ఖాళీ. బయట కోరుట్ల బస్టాండు. అప్పుడే ఫోన్ మోగింది, మా ఆయన.

"ఏమే, యాడున్నవ్? బస్సు ఎప్పుడో పాయె గదా!"

"కోరుట్లల ఉన్న."

"కోరుట్లల ఏం పని నీకు?"

"ఏం పని లేదు. నిద్ర పట్టింది," అన్నాను.

"చాయ్ తాగి రా, తొందరేం లేదు," అన్నాడు.